నా చేన్ల పండేది చెప్పు, పెడత



గర్భిణుల పరీక్షల రోజున మన ఓ.పి. వరండా ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. బెంచీలు చాలవు, కింద చాపలు వేస్తాం. ఆ రోజు ఝరాసంగం వైపు నుంచి ఒక అవ్వ తన కోడలిని తీసుకొచ్చింది. కొడుకు పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. కోడలు కూడా ఇస్నాపూర్‌లో కిరాయి గదిలోనే ఉంటుంది. ఏడో నెల. కళ్ల కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. ల్యాబ్ నుంచి చీటీ వచ్చింది: హిమోగ్లోబిన్ 6.8 గ్రాములు. గర్భిణికి 11 ఉండాలి, 7 కంటే తగ్గితే అది ప్రమాదం. కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా అలాంటి తల్లి తట్టుకోలేదు.

డాక్టరుగారు వెంటనే చేర్చుకోమన్నారు. నేను నా అలవాటు ప్రకారం అవ్వను పక్కన కూర్చోబెట్టి ఆహారం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆపిల్ పండు, దానిమ్మ, ఖర్జూరం, పాలు, బ్రెడ్డు. ముప్పై ఏళ్లుగా చెబుతున్న పాఠం, నోటికి వచ్చేస్తుంది. అవ్వ ఓపిగ్గా విన్నది. ఆఖరున ఇలా అన్నది:

"గా ఆపిల్‌పండు నా చేన్ల పండదు గద బిడ్డా. నా చేన్ల పండేది చెప్పు, పెడత."

నాకు వెంటనే జవాబు రాలేదు. ఆమె ఒళ్లో గుడ్డ మూట ఉంది. విప్పి చూపించింది. రెండు జొన్నరొట్టెలు, కందిపప్పులో కలిపి వండిన ఏదో ఆకుకూర, ఇంత నువ్వుల పొడి. నేను చెప్పిన జాబితా కంటే ఆ మూటలో రక్తానికి పనికొచ్చేది ఎక్కువ ఉంది. ఒక నర్సుగా ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు వల్లనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మన పళ్లెం ఎలా మారింది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో అది 70 శాతం. ఈ లెక్కను సర్వేలో చదవక ముందే మన వార్డులో చూస్తున్నాం.

నేను పుట్టింది పాత మెదక్ జిల్లా, జోగిపేట వైపు పల్లెలో. మా అమ్మ తెల్లవారుజామునే లేచి ఇసుర్రాయి ముందు కూర్చునేది. పొద్దున అంబలి, పగలు రొట్టె, రాత్రి జొన్న గట్క. వరి అన్నం క్రిస్మస్‌కు, పెళ్లికి, చుట్టం వస్తే. తెల్ల అన్నం తినేవాళ్లంటే మాకు గొప్ప. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు మా ఇంట్లో రోజూ అన్నం ఉడికింది. ఆ బియ్యాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆకలితో పడుకునే ఇళ్లు ఆ బియ్యంతో కడుపు నింపుకున్నాయి. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, అదీ మంచిదే. పేదవాడు కూడా రుచిగా తినాలి.

కానీ రెండో సంగతి కూడా చెప్పాలి. జొన్న అమ్మబోతే ధర లేదు, తినబోతే ఇంట్లో బియ్యం ఉంది. ఇంకెవరు పండిస్తారు? నీళ్లున్నవాళ్లు చెరుకుకు, తర్వాత పత్తికి పోయారు. నీళ్లు లేని చేలు బీడు పడ్డాయి. జొన్నతో పాటు దాని సాళ్ల మధ్య వేసే కంది, పెసర, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, గట్టు మీద పుంటికూర అన్నీ పోయాయి. ఒక్క గింజ మారితే పళ్లెంలో ఆరేడు రకాలు మాయమయ్యాయి. మిగిలింది అన్నం, పలుచని పులుసు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు చూడండి. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు. అంతే జొన్నల్లో దాదాపు 4, తైదల్లో (రాగులు) 4.6, సజ్జల్లో 6.4. కాల్షియం బియ్యంలో 7.5 మిల్లీగ్రాములైతే తైదల్లో 364. ఇంత తేడా ఉన్న తిండిని మనమే "బీదోళ్ల తిండి" అని పేరు పెట్టి పక్కకు నెట్టాం. నాలాంటి చదువుకున్న సిస్టర్లు బ్రెడ్డు, బిస్కెట్టు చెప్పి ఇంకాస్త నెట్టారు.

జహీరాబాద్ ఆడవాళ్లు చేసిన పని

అవ్వ తాను సంఘంలో మనిషినని చెప్పింది. జహీరాబాద్ ప్రాంతంలో "సంఘం" అంటే ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పస్తాపూర్‌లో ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని చుట్టూ సుమారు 75 ఊళ్లలో ఐదువేల మంది దాకా ఆడవాళ్లు సంఘాలు కట్టుకున్నారు. ఎక్కువమంది దళితులు, ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు. ఆ భూమి కూడా భూసంస్కరణల్లో వచ్చిన రాళ్ల చేను, ఎవరికీ పనికిరాదని వదిలేసినది. కొందరికి అదీ లేదు.

మొదట రాళ్లు ఏరారు, కట్టలు వేశారు, పశువుల ఎరువు తోలారు. కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు పదిమంది కలిసి భూమి కౌలుకు తీసుకుని చేశారు. అసలు పెద్ద అడుగు 1990ల నడుమ పడింది. ప్రభుత్వ రేషన్ బియ్యం ఎక్కడో పంజాబులోనో గోదావరి జిల్లాల్లోనో పండి మన ఊరికి వస్తుంది. మన ఊరి బీడులోనే జొన్న పండించి, మన ఊరిలోనే దాచి, మన ఊరి బీదవాళ్లకే ఎందుకు ఇవ్వకూడదు అని వాళ్లు అడిగారు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయం చేసింది. 30కి పైగా గ్రామాల్లో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూమి దున్నారు.

పద్ధతి నాకు బాగా నచ్చింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. చేను ఉన్న రైతుకు దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి, కలుపుకు విడతలవారీగా అప్పు ఇచ్చారు. తిరిగి కట్టేది డబ్బు కాదు, జొన్నలు. కొన్నేళ్ల పాటు ఏటా ఇంత అని గింజలు కొలిచి ఊరి నిధిలో వేయాలి. ఆ గింజలు సంఘం ఆడవాళ్ల చేతిలోనే ఉంటాయి. తర్వాత ఊరంతా కూర్చుని, ఎవరి ఇల్లు ఎంత బీదదో నలుగురి ముందే లెక్క తేల్చుకున్నారు. ఎక్కువ బీదవారికి ఎక్కువ జొన్నలు, తక్కువ ధరకు, వానాకాలంలో. వానాకాలమే ఎందుకంటే పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని నెలలు అవి. మన వార్డులో కూడా గమనించండి, నీరసంతో, విరేచనాలతో పిల్లలు ఎక్కువగా వచ్చే నెలలూ అవే.

ఎవరు బీదవారో ఆఫీసులో కూర్చున్నవారు తేల్చలేదు, ఆ ఊరి ఆడవాళ్లు తేల్చారు. ఒంటరి ముసలిదాని పేరు వాళ్లు మరచిపోరు.

కరువులో తిండి పెట్టడం మన మిషన్లకు కొత్త కాదు. మెదక్ పెద్ద చర్చి కట్టినప్పుడు పాస్నెట్ దొరగారు కరువు జనానికి పని చూపించి తిండి పెట్టారని మన పెద్దలు చెప్పగా విన్నాం. ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అది గొప్ప ఉపకారం. కాకపోతే పని అయిపోతే తిండి కూడా అయిపోతుంది. జహీరాబాద్ ఆడవాళ్ల పనిలో తిండి మళ్లీ వచ్చే ఏడు కూడా అదే చేనులో మొలుస్తుంది.

బుట్టలో విత్తనం

కొన్నేళ్ల కిందట మన నర్సింగ్ విద్యార్థినులను గ్రామ పోస్టింగుకు ఆ వైపు తీసుకెళ్లాను. ఒక ఇంట్లో చీకటి మూలన వరుసగా వెదురు బుట్టలు ఉన్నాయి. మట్టి, పేడ అలికి మూతలు వేసినవి. లోపల బూడిద, వేపాకు కలిపిన విత్తనాలు. పచ్చజొన్న, తెల్లజొన్న, కొర్ర, సామ, తైద, కంది, అవిసెలు, కుసుమలు. ఆ ఇంటి అక్క ఒక్కొక్కటి చేతిలో పోసి పేరు చెబుతుంటే మా పిల్లలు నోటుబుక్కుల్లో రాసుకున్నారు. విత్తనం లేనివాళ్లు తీసుకుపోతారు, పంట వచ్చాక తీసుకున్నదానికి రెండింతలు తెచ్చి పోస్తారు. దుకాణం లేదు, బాకీ చీటీ లేదు. ప్రతి సంక్రాంతికి ఆ బుట్టలను ఎడ్లబండ్ల మీద అలంకరించి ఊరూరా తిప్పుతారు. దాన్ని పాత పంటల జాతర అంటారు.

నల్లరేగడి చేలో వానలు వెనుకపట్టాక జొన్న వేస్తారు. భూమిలో మిగిలిన తడి, రాత్రి మంచు, అంతే. బోరు లేదు. చలికాలమంతా పెరిగి మాఘమాసం నాటికి కోతకు వస్తుంది. ఒకే చేలో పది పన్నెండు రకాలు కలిపి చల్లుతారు. మా విద్యార్థిని ఒకతె "ఇదేం చిందరవందర" అన్నది. ఆ అక్క నవ్వి, "వాన ఎక్కువైతె ఒకటి పోతది, తక్కువైతె ఇంకోటి పోతది, అన్నీ ఒక్కపారి పోవు బిడ్డా" అన్నది. భీమా అంటే ఇదే కదా అనుకున్నాను.

ఇంకొకటి. కలుపు తీసేటప్పుడు వాళ్లు అన్నీ పారేయరు. తుమ్మికూర, దొగ్గలికూర, గునుగు లాంటివి ఒడిలో వేసుకుంటారు. విత్తకుండానే మొలిచే కూరలు. అవ్వ మూటలో నేను గుర్తుపట్టలేకపోయిన ఆకుకూర అలాంటిదే. కలుపు మందు కొట్టిన చేలో ఈ కూరలు ఉండవు, ఉన్నా తినకూడదు.

ఈ సంఘాల ఆడవాళ్లు 2008లో మాచనూరులో సొంతంగా సంగం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. వారితో మొదటి నుంచి నడిచిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని జరుపుకున్నది ఆ సంవత్సరమే.

జొన్న ఒక్కటే చాలదు

ఇక్కడ ఒక నర్సుగా హెచ్చరించాలి. జొన్న అమృతం అని చెబితే అది అబద్ధం. మా డిప్లొమా చదువులో మా ట్యూటరు పెల్లాగ్రా గురించి చెప్పేవారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు పొరలుగా లేవడం, మెడ చుట్టూ హారంలా మచ్చ, విరేచనాలు, మతి తప్పడం. 1960ల్లో మన తెలంగాణ పల్లెల్లో ఇది బాగా ఉండేది. జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన తోటివారు ఇది జొన్న మీదనే బతికే బీదవారిలో వస్తోందని గమనించి పరిశోధించారు. పప్పు, పాలు, కూర ఏమీ లేక మూడు పూటలా వట్టి జొన్న తినడం వల్ల వచ్చిన జబ్బు అది. కాబట్టి పాత కాలమంతా బంగారం కాదు. చేలో జొన్న పక్కన కంది ఉన్నట్టే పళ్లెంలో రొట్టె పక్కన పప్పు, ఆకుకూర ఉండాలి.

అలాగే ఎవరూ గోలీలు మానకండి. గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు ఐరన్ గోలీ వేసుకోవాలి. మలం నల్లగా వస్తే భయపడవద్దు. వికారమైతే రాత్రి తిన్నాక వేసుకోండి. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గాక తిండితో మాత్రమే సరిచేయాలని ఇంట్లో కూర్చోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గోలీ గుంటను పూడుస్తుంది, మళ్లీ గుంట పడకుండా చూసేది తిండి.

రొట్టె తిన్న వెంటనే చాయ్ తాగితే అందులో ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంటసేపు ఆగండి. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. పులిసిన అంబలి, మొలకెత్తించిన తైదల పిండి ఇంకా మంచివి. బజారులో తళతళలాడే కొర్రలు, సామలు పొట్టు పూర్తిగా తీసినవి, వాటిలో బలం చాలావరకు మిల్లులోనే పోతుంది. రంగు కొంచెం మసకగా ఉన్నవి చూసి కొనండి.

ఇటు పటాన్‌చెరు సంగతి

మన ఆసుపత్రికి వచ్చేవారిలో సగం మంది జహీరాబాద్ వైపు వారు కాదు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ఉన్న ఫ్యాక్టరీల బెల్టు వాళ్లు. వారికి అవ్వ జవాబు సరిపోదు. ఎందుకంటే వారికి చేను లేదు, లేదా ఉన్న చేను పోయింది.

1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల పరిశ్రమలు వచ్చాయి. పని దొరికింది, నిజమే. వాటి మురుగు నక్కవాగులో, ఇసుకవాగులో కలిసింది. ఆ వాగుల కింద వరి పండే పొలాలు పాడయ్యాయి, బావుల నీళ్లు రంగు మారాయి. పటాన్‌చెరు డాక్టర్ అల్లాణి కిషన్ రావు గారు తన రోగులను చూస్తూనే ఈ పోరాటంలోకి దిగారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది, రైతులకు నష్టపరిహారం ఇవ్వమని ఆదేశాలు కూడా వచ్చాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని రాశారు. మనం వార్డులో ఇచ్చే మందే అది. రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ మందు ఆ నీటిలో ఉంది. అలాంటి చోట పుంటికూర పెంచుకోండి అని నేను ఎలా చెప్పను?

అదే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద ప్రపంచం మెచ్చే పరిశోధన అక్కడ జరుగుతుంది. ఎండు తెగులును తట్టుకునే ఆశ అనే కంది రకం అక్కడిదే. లక్షకు పైగా విత్తన నమూనాలు చల్లని గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఆఫ్రికా దేశాలు కొన్ని తమ సొంత విత్తనం పోగొట్టుకుంటే ఇక్కడి నుంచే తిరిగి పంపారు. హైవే మీద బస్సులో పోతూ ఆ పొడవాటి కంచెను నేను వందలసార్లు చూశాను. కంచె లోపల ప్రపంచానికి సరిపడే జొన్న విత్తనం, కంచె బయట కిరాయి గదిలో రొట్టెకు పిండి కొనలేని కూలీ. దీనికి ఆ సంస్థను అనడం లేదు, విత్తనం దాచడం వారి పని. ఆ విత్తనం పళ్లెం దాకా రావాలంటే భూమి కావాలి, ధర కావాలి, రేషన్ కావాలి. ఆ మూడూ పరిశోధకుల చేతిలో లేవు.

ఇప్పుడు జొన్నపిండి బియ్యం కంటే ప్రియం. ఉచితంగా బియ్యం వస్తుంటే డబ్బు పెట్టి జొన్న ఎవరు కొంటారు? 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలకూ చోటుంది. పక్కన కర్ణాటకలో రాగులు, జొన్నలు రేషన్‌లో ఇచ్చారు. బీదర్ ఇక్కడికి ఎంత దూరం? నెలకు మనిషికి ఒక్క కిలో జొన్నలైనా మన రేషన్ షాపులో ఇస్తే ఇస్నాపూర్ గదిలో కోడలూ తింటుంది, ఝరాసంగంలో అత్త చేనూ బీడు పడదు. నా చిన్న బుద్ధికి తోచింది ఇది.

ఆ తర్వాత

కోడలికి సెలైన్‌లో ఐరన్ సుక్రోజ్ ఎక్కించాం. నట్టల మందు ఇచ్చాం. ఇస్నాపూర్ గదికి తిరిగి పంపకుండా అవ్వ తన ఊరికి తీసుకుపోయింది. కొడుకు కొంచెం గొణిగాడు, వంట ఎవరు చేస్తారని. "నీ చెయ్యి ఇరిగిందా" అన్నది అవ్వ. తొమ్మిదో నెలలో వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 10.1. మందు వల్లనా, రొట్టె వల్లనా అని మా జూనియర్ సిస్టర్ అడిగింది. రెండూ కలిసి అని చెప్పాను, ఎంతెంత అన్నది విడదీసి చెప్పలేను. ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

మన గర్భిణుల ఆహార చార్టును డాక్టరుగారితో కూర్చుని తిరగరాశాం. ఆపిల్ బొమ్మ తీసేశాం. మొదటి ప్రశ్న ఇప్పుడు "మీ చేనులో ఏం పండుతుంది?" అని ఉంటుంది. దాన్ని బట్టే మిగతా సలహా. కొర్ర, కంది, నువ్వులు, తైదలు అని చెప్పేవారికి అదే ఎలా వండాలో, ఎంత తినాలో చెబుతున్నాం.

పటాన్‌చెరు వైపు నుంచి వచ్చేవారు ఎక్కువమంది "చేను లేదు" అని రాయిస్తున్నారు. వారికి ప్రస్తుతం చెప్పగలిగింది ఇంతే: వారానికి నాలుగు కోడిగుడ్లు, రోజూ గుప్పెడు పల్లీలు లేదా శనగలు కొంచెం బెల్లంతో, అంగన్‌వాడీలో పేరు రాయించుకుని అక్కడి భోజనం వదలకపోవడం. మేడ మీద చోటుంటే పాత బియ్యం సంచుల్లో మంచి మట్టి నింపి పుంటికూర, పాలకూర వేసుకోండి, కుళాయి నీళ్లే పోయండి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీలం డ్రమ్ములు చవకగా దొరుకుతాయని వాటిలో నీళ్లు గానీ గింజలు గానీ నిల్వ చేయకండి, ఎంత కడిగినా సరే. పుంటికూర విత్తనం కావలసినవారు గర్భిణుల పరీక్షల రోజున నన్ను అడగండి. అవ్వ పోయినసారి ఒక సీసాడు ఇచ్చి పోయింది. పంట వచ్చాక రెండింతలు తిరిగి పోయాలని కూడా చెప్పి పోయింది.